వృద్ధాశ్రమములకు ప్రభుత్వ గ్రాంట్లు – గనుల ప్రాంతమున ఒక పరిశీలన

'నర్సింగ్ హోం' అను మాటకు మన ప్రాంతములో ఎవరిని అడిగినా ఒకటే అర్థము చెబుతారు. నాలుగు పడకలు, ఒక డాక్టరు, కింద ఒక మందుల దుకాణము గల ప్రైవేటు ఆసుపత్రికి మనము పెట్టుకొన్న పేరది. అమెరికా వంటి దేశములలో మాత్రము ఆ మాటకు అర్థము వేరు. తమ పని తాము చేసుకోలేని వృద్ధులు సంవత్సరాల తరబడి, తరచుగా చివరి వరకు, నివసించే ఇల్లు అక్కడ నర్సింగ్ హోం. మన వైపు అటువంటి ఇంటికి 'వృద్ధాశ్రమము' అని పేరు. ఆశ్రమము అనగానే మనస్సుకు తోచేది మనిషి తనంతట తాను కోరి వెళ్ళే చోటు. కోరి వెళ్ళని వారి నివాసమునకు ఆ పేరు పెట్టుటలో ఔచిత్యమేమిటో భాషను బోధించే మాకు కూడ ఇంతవరకు బోధపడలేదు. పేరు ఎట్లున్నా ఆ ఇళ్ళకు ప్రభుత్వము ఏమి ఇస్తున్నది, దేని కొరకు ఇస్తున్నది, ఇవ్వదగినదై ఉండి కూడ అడిగేవారు లేక ఆగిపోతున్నది ఏది అన్న విషయమును ఈ వ్యాసములో వివరించదలచినాము.

ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము చలికాలము నాటి ఒక చిన్న సంఘటన. మా కాలేజీ విద్యార్థులు కొందరితో కలిసి మేము రామగుండం పరిసరములలోని ఒక వృద్ధాశ్రమమునకు వెళ్ళినాము. ఆనవాయితీ ప్రకారము అరటిపండ్లు, బ్రెడ్డు, దుప్పట్లు తీసుకొని పోయినాము. దుప్పట్లు భద్రపరచుటకు నిర్వాహకులు గది తలుపు తెరిచినప్పుడు చూచితిమి కదా, అక్కడ అప్పటికే నిలువెత్తు దుప్పట్లున్నవి. ఆ నెలలోనే మరి రెండు మూడు సంఘముల వారు వచ్చి, దుప్పట్లు పంచి, ఫోటోలు తీయించుకొని పోయినారట. మా ఫోటో కూడ తీసినారు. అది అయిన తరువాత మా విద్యార్థిని ఒకామె అక్కడి పెద్దల మధ్య కూర్చుండి, "తాతా, ఇంకేమన్న కావాల్నా?" అని అడిగినది. ఆ ప్రశ్న మేము నేర్పినది కాదు. మాకు తోచనూ లేదు.

ఒకనాడు కోల్ ఫిల్లరుగా తట్ట, చెమ్మస్ పట్టి పనిచేసిన ఒక పెద్దమనిషి మొదట నవ్వినాడు. ఆయనకు చెవి సరిగా వినబడదు. ప్రశ్నను మరల గట్టిగా అడుగవలసి వచ్చినది. "చాయ్ తాగాలనిపిస్తె ఎప్పుడు తాగాల్నో గంట కొట్టి చెప్తరు బిడ్డా. బాయిల ఉన్నప్పుడు సైరను, ఇప్పుడు గంట" అన్నాడు. ప్రక్కనున్న మరొకాయనకు కావలసినది తన రేకు పెట్టెకు ఒక తాళము. ఇంకొకాయన గేటు బయట ఒక బల్ల వేయిస్తే బాగుండునన్నాడు, రోడ్డు మీద పోయే బస్సులు చూడవచ్చునట. చూపు మందగించిన ఒక వృద్ధురాలు మా విద్యార్థి ఒకనిని దగ్గరకు పిలిచి, "బేటా, ఉర్దూ ఆతీ? జరా అఖ్బార్ పడ్‌కే సునాతే?" అని అడిగినది. అక్కడ ఉర్దూ పత్రిక లేదు. దుప్పటి కావాలన్నవారు ఒక్కరును లేరు.

తిరుగు ప్రయాణములో విద్యార్థులు మమ్ము అడిగిన ప్రశ్న ఇది: సర్కారు డబ్బు ఇస్తుంది కదా సార్, అందులో ఇవి రావా? మాకు వెంటనే సమాధానము తెలియలేదు. తెలుసుకొనుటకు కొన్ని నెలలు పట్టినది.

చట్టము సంగతికి పోక ముందు ఈ వృద్ధులు ఎవరో చెప్పుట అవసరము. గోదావరిఖని పాత ఊరు కాదు. 1960 దశకములో ఇక్కడ గనులు తెరిచిన తరువాత, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల పల్లెల నుండి, కొందరు ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి, పని వెదుకుకొంటూ వచ్చిన యువకులు కట్టుకొన్న ఊరిది. అందువలన ఇక్కడి కుటుంబములు చాలవరకు ఒకే కాలములో మొదలైనవి, ఒకే కాలములో ముసలివైనవి. తాత ముత్తాతల ఇల్లు, బావి, మర్రిచెట్టు, ఇరుగు పొరుగున పాలివాండ్లు – పల్లెలో వృద్ధుని నిలబెట్టేవి ఏవియు ఈ ఊరిలో లేవు. ఉన్నది కంపెనీ క్వార్టరు. అది ఉద్యోగముతో వచ్చి ఉద్యోగముతో పోయేది.

1990 దశకపు ఆరంభములో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు అందులో సగము కూడ లేదు. రామగుండంలో 1980లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారము 1999లో మూతపడినది. అదే స్థలమున కొత్త కర్మాగారము పని మొదలుపెట్టుటకు 2021 వరకు ఆగవలసి వచ్చినది. ఈ మధ్య కాలములో పిల్లలు హైదరాబాదుకో, గల్ఫు దేశములకో పోయినారు. తండ్రి అనారోగ్యముతో ఉద్యోగము వదులుకొని కుమారునికి ఇప్పించిన ఇళ్ళు కూడ ఈ కాలనీలలో తక్కువేమీ కావు. ఉద్యోగముతో పాటు క్వార్టరు కుమారుని పేరు మీదికి మారుతుంది. తన పేరున ఉన్న ఇంటిలోనే తండ్రి అతిథి అవుతాడు. చాల ఇళ్ళలో ఆ అతిథికి గౌరవము దక్కుతున్నది. కొన్ని ఇళ్ళలో దక్కుట లేదు.

ఇక ఆదాయము. బొగ్గు గనుల పింఛను పథకము 1998 మార్చి 31 నుండి అమలులోనికి వచ్చినది. పింఛను విరమణ నాటి వేతనమును బట్టి నిర్ణయమవుతుంది. ప్రభుత్వోద్యోగుల పింఛనుకు వలె దానికి కరువు భత్యము లేదు. ధర పెరిగినా అది పెరుగదు. కావున పాతిక సంవత్సరముల క్రిందట పని విరమించిన కార్మికుడు నేటి బియ్యమును నాటి రూపాయితో కొనుక్కోవలెను. రాష్ట్ర ప్రభుత్వపు ఆసరా పింఛను 2014లో 1,000 రూపాయలతో మొదలై 2019లో 2,016 రూపాయలైనది. అయితే ఇంట్లో ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగి ఉంటే అర్హత లేదని దాని నియమము. కొడుకు సింగరేణిలో ఉన్నాడు గనుక తల్లికి ఆసరా రాదు. ఆ కొడుకు చూస్తున్నాడా లేదా అన్నది దరఖాస్తు ఫారములో గడి లేని ప్రశ్న. కేంద్రము తన వృద్ధాప్య పింఛనులో భాగముగా ఎనుబది సంవత్సరముల లోపు వారికి ఇచ్చేది నేటికిని నెలకు 200 రూపాయలే.

ఇప్పుడు చట్టము. 'తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము' 2007లో వచ్చినది. అరువది సంవత్సరములు నిండిన ప్రతి వ్యక్తియు దీని దృష్టిలో వయోవృద్ధుడు. పిల్లలు చూడకపోతే ఆర్.డి.ఓ. అధ్యక్షతన గల ట్రిబ్యునల్‌కు తెల్ల కాగితము మీద అర్జీ పెట్టుకోవచ్చును, వకీలు అక్కరలేదు. నెలకు 10,000 రూపాయలకు మించకుండ మనోవర్తి ఇప్పించే అధికారము ట్రిబ్యునల్‌కు ఉన్నది. ఈ సంగతులు పత్రికలలో తరచుగా వస్తున్నవి గనుక విస్తరించుట లేదు.

పత్రికలలో అంతగా రానిది పందొమ్మిదవ సెక్షను. ప్రతి జిల్లాలో కనీసము ఒకటితో మొదలుపెట్టి, దిక్కులేని వృద్ధులు 150 మందికి తక్కువ కాకుండ నివసించదగిన ఆశ్రమములను రాష్ట్ర ప్రభుత్వము నెలకొల్పవచ్చునని అది చెబుతుంది. 'నెలకొల్పవచ్చును' అన్నారు గాని 'నెలకొల్పవలెను' అనలేదు. వ్యాకరణములో ఇది చిన్న భేదము. మన రాష్ట్రములో 33 జిల్లాలు గలవు. ఆ లెక్కన కనీసము 4,950 మందికి చోటు ఉండవలసినది. క్రియ చివరనున్న ఒక ప్రత్యయము మీద అయిదు వేల మంచములు ఆధారపడి ఉన్నవన్నమాట. దేశమంతట ఇదే స్థితియని గ్రహించి, సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో అశ్వనీ కుమార్ కేసు తీర్పులో, ఏ జిల్లాలో ఎన్ని ఆశ్రమములున్నవో లెక్క తేల్చవలసినదిగా కేంద్రమును ఆదేశించినది.

అదే సెక్షనులో రెండవ భాగమున్నది. ఆశ్రమములు ఏ ప్రమాణములతో నడువవలెనో, వైద్యమునకు, 'వినోద సాధనములకు' ఏ ఏ సేవలు కల్పించవలెనో రాష్ట్రము ఒక పథకము రూపొందించవచ్చునని అందులో ఉన్నది. ఆ రెండవ మాటను చదివినప్పుడు మాకు చాయ్ గంట గుర్తుకు వచ్చినది. చట్టము చేసినవారు అన్నము, మందు మాత్రమే గాక మరొకటి కూడ తలచుకొన్నారన్నమాట. ఈ చట్టమునకు అనుగుణముగా కేంద్రము రాష్ట్రములకు పంపిన మాదిరి నియమములు ఇంకను స్పష్టముగా చెబుతున్నవి. ఒక్కొక్క నివాసికి పడక స్థలము 7.5 చదరపు మీటర్లు, వంటగది, భోజనశాల, వైద్యపు గది వగైరాల వాటాతో కలిపి 12 చదరపు మీటర్లు. స్త్రీ పురుషులకు వేరువేరు గదులు. వికలాంగులు వాడుకోదగిన మరుగుదొడ్డి. చలికాలపు బట్టలు. వీటితో పాటు టెలివిజను, వార్తాపత్రిక, చాలినన్ని పుస్తకములు. మరల చదువుదాము: వార్తాపత్రిక, చాలినన్ని పుస్తకములు. ఉర్దూ పత్రిక అడిగిన ఆ తల్లి దానము అడుగలేదు. ఇవి మాదిరి నియమములే గనుక, నాకిది హక్కు అని కోర్టుకు పోగల స్థితి లేదన్నది నిజమే. అయినను అడుగుటకు ఆధారము ఉన్నది.

ఇక గ్రాంట్ల సంగతి. స్వచ్ఛంద సంస్థలు నడిపే వృద్ధాశ్రమములకు కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ 1992 నుండి ఒక సమగ్ర కార్యక్రమము క్రింద సహాయ నిధులు ఇస్తున్నది. అది అనేక పర్యాయములు సవరింపబడి, 2018లో 'వయోవృద్ధుల సమగ్ర కార్యక్రమము' అను కొత్త పేరు దాల్చి, 2021 నుండి 'అటల్ వయో అభ్యుదయ యోజన' అను పెద్ద పథకములో అంతర్భాగమైనది. ఇరువదియైదుగురికి తక్కువ కాని నిరుపేద వృద్ధులకు నివాసము కల్పించే ఆశ్రమము, ఏబది మంది వృద్ధ స్త్రీల ఆశ్రమము, మంచము దిగలేని వారికి నిరంతర సేవా గృహము, సంచార వైద్యశాల, ఫిజియోథెరపీ క్లినిక్కు – ఇట్లు పలు రకముల పనులకు ఈ గ్రాంటు లభిస్తుంది. ఈ కార్యక్రమము యొక్క ఉద్దేశ్య వాక్యమును గమనించవలెను. వృద్ధుల జీవన నాణ్యతను పెంచుట ధ్యేయమని, అందుకు నీడ, తిండి, వైద్యము, వినోదావకాశములు కల్పించుట మార్గమని దాని సారము. మొదటి మూడు మాటలకు ప్రతి ఆశ్రమములోను లెక్క పుస్తకములున్నవి. నాలుగవ మాటకు లేవు.

ఎందుకు లేవు? మేము విచారించగా తెలిసినది ఇది. గ్రాంటు పొందగోరే సంస్థ రిజిస్టరై ఉండవలెను, దర్పణ్ పోర్టల్‌లో నమోదై, ఇ-అనుదాన్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయవలెను, తనిఖీ జరుగవలెను. గ్రాంటు ఒక్కసారిగా చేతికి రాదు, వాయిదాలలో వస్తుంది. ఇచ్చిన దానికి ఆడిటరు సంతకముతో లెక్కలు, సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారము వినియోగ ధ్రువపత్రము పంపిన పిమ్మట మిగిలినది వస్తుంది. ఈ లోపల కిరాణా కొట్టు వానికి బాకీ, ఆయాకు జీతము, కరెంటు బిల్లు ఆగవు. అప్పు చేసి ఆశ్రమము నడిపే నిర్వాహకుడు అన్నము, మందు, జీతము అనే పద్దులకు రశీదులు జాగ్రత్త చేస్తాడు, ఎందుకనగా వాటిని ఎవరును ప్రశ్నించరు. గేటు బయటి బల్లకు రశీదు చూపితే, ఇది ఏ పద్దు క్రింద అని తనిఖీకి వచ్చినవారు అడుగవచ్చును. అడుగకపోవచ్చును కూడ. ఆ సందేహమే చాలు, బల్ల రాకుండుటకు. నిర్వాహకులను మేము తప్పు పట్టుట లేదు. ఇరువది ముప్పది మంది ముసలివారికి రోజుకు రెండుసార్లు అన్నము పెట్టుట ఎంత పనియో ఒక్కనాడు అక్కడ వంటగదిలో నిలబడితే తెలుస్తుంది.

నెల్లూరులో 2017లో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి ఇక్కడ ఒక మాట చెప్పవలెను. దారిద్ర్య రేఖకు దిగువనున్న వృద్ధులకు చేతికర్ర, వాకరు, చక్రాల కుర్చీ, కళ్ళద్దములు, కట్టుడు పండ్లు, వినికిడి యంత్రము ఉచితముగా ఇచ్చే పథకమిది. డ్రిల్లు మోతలో చెవులు పోగొట్టుకొన్న వారు ఇన్ని వేల మంది ఉన్న మన ఊరికి ఇంతకన్న కావలసిన పథకము లేదు. యంత్రమునకు ఒక సంవత్సరము ఉచిత మరమ్మతు కూడ ఉన్నది. ఆ తరువాత మాత్రము బ్యాటరీ ఖర్చు ఆశ్రమముదో, ఆ వృద్ధునిదో అవుతుంది. మేము చూచిన ఆశ్రమములో ఒక వినికిడి యంత్రము అల్మరాలో భద్రముగా ఉన్నది. అడిగితే, "సెల్లు అయిపోయింది సార్" అన్నారు.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో 1986లో ఒక ప్రముఖ వైద్య విద్వత్సంస్థ నర్సింగ్ హోంల దుస్థితి మీద నివేదిక వెలువరించగా, మరుసటి సంవత్సరము అక్కడి ప్రభుత్వము ఒక చట్టము చేసినది. ప్రతి నివాసి యొక్క జీవన నాణ్యత నిలిచే విధముగా, పెరిగే విధముగా సంరక్షణ జరుగవలెనని ఆ చట్టము నిర్బంధించినది. నివాసులు తమలో తాము సంఘముగా ఏర్పడి సమావేశమై, తమ ఇబ్బందులు చెప్పుకొనే హక్కును ఇచ్చినది. మమ్ము ఆకర్షించినది వేరొకటి. నియమములు ఉల్లంఘించిన నర్సింగ్ హోంల నుండి అక్కడ జుల్మానా వసూలు చేస్తారు. ఆ సొమ్ములో కొంత భాగము రాష్ట్రములకు వచ్చి, నివాసుల మేలు కొరకే, గ్రాంట్ల రూపమున తిరిగి ఖర్చు కావలెను. సంగీతము, తోట పని, సిబ్బంది శిక్షణ వంటి పనులకు అట్టి గ్రాంట్లు ఇచ్చినారు. 2020లో కరోనా కారణముగా చూడవచ్చేవారిని ఆపివేసినప్పుడు, వృద్ధులు తమ వారి ముఖము తెర మీదనైనా చూచుకొనుటకు కావలసిన పరికరములకు ఒక్కొక్క గృహమునకు 3,000 డాలర్ల వరకు ఈ నిధి నుండి మంజూరు చేసినారు. అక్కడ అంతయు సుఖమని మేము చెప్పుట లేదు. అదే కరోనాలో అక్కడి నర్సింగ్ హోంలలో మరణించినవారి సంఖ్య చాల పెద్దది. అయినను తప్పు చేసిన ఇంటి జుల్మానాతో ఆ ఇంటి ముసలివారికి పాట వినిపించవలెనన్న ఆలోచనలో న్యాయమున్నది.

మన చట్టములో ఇట్టి ఏర్పాటు లేదు. ఆశ్రమములకు రిజిస్ట్రేషను, కనీస ప్రమాణములు తప్పనిసరి చేసే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టబడినది. స్థాయీ సంఘము పరిశీలించినది. 2024లో ఆ సభ గడువు తీరుటతో బిల్లు చెల్లిపోయినది.

అయితే గనుల ప్రాంతము వారమైన మనకు, ఇతర జిల్లాల వారికి అంతగా లేని రెండు దారులు కలవు. కాలేజీ కమిటీ పెద్దలు ఈ భాగమును శ్రద్ధగా చదువవలెనని మనవి.

మొదటిది జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు. 2015లో గనుల చట్టమునకు చేసిన సవరణ ప్రకారము, గని నడిపే సంస్థ ప్రభుత్వమునకు చెల్లించే రాయల్టీకి అదనముగా, దానిలో ఇంత శాతమని లెక్కగట్టి, గనుల వలన బాధితమైన ప్రాంతము కొరకు జిల్లా ట్రస్టుకు చెల్లించవలెను. ఆ సవరణకు ముందు ఇచ్చిన లీజులకు అది రాయల్టీలో 30 శాతము, తరువాత వేలములో ఇచ్చిన వాటికి 10 శాతము. బొగ్గుకును ఇది వర్తిస్తుంది. ఈ నిధిని ఎట్లు ఖర్చు చేయవలెనో 'ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కళ్యాణ యోజన' చెబుతుంది. మొదట 60 శాతము, 2024 మార్గదర్శకములతో 70 శాతము, అధిక ప్రాధాన్యము గల రంగములకు కేటాయించవలెను. ఆ రంగములేవి? తాగునీరు, పర్యావరణము, వైద్యము, విద్య, స్త్రీ శిశు సంక్షేమము మొదలైనవి. వాటి సరసనే 'వృద్ధుల, వికలాంగుల సంక్షేమము' అని విడిగా, స్పష్టముగా పేర్కొనబడినది. రోడ్లు, వంతెనలు ఆ జాబితాలో లేవు. అవి మిగిలిన భాగములోనివి. బొగ్గు తవ్వి ముసలివాడైన వానికి బొగ్గు సొమ్ములో పేరు పెట్టి వాటా రాసినారు. పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడినది మొదలు ఈ నిధి మన జిల్లా కేంద్రములోనే ఉన్నది.

రెండవది కంపెనీల చట్టము, 2013. లాభములు గల పెద్ద కంపెనీ గత మూడేండ్ల సగటు నికర లాభములో కనీసము రెండు శాతము సామాజిక బాధ్యత క్రింద ఖర్చు చేయవలెనని నూట ముప్పదియైదవ సెక్షను. ఏ పనులకు ఖర్చు చేయవచ్చునో ఏడవ షెడ్యూలు చెబుతుంది. వృద్ధాశ్రమములు, పగటి సంరక్షణ కేంద్రములు, వయోవృద్ధులకు తదితర సౌకర్యములు అందులో ఉన్నవి. 51 శాతము రాష్ట్రమునకు, 49 శాతము కేంద్రమునకు చెందిన సింగరేణి, రామగుండంలో ఎన్.టి.పి.సి. – మన చుట్టు ఉన్నవి ఇటువంటి కంపెనీలే. పగటి సంరక్షణ కేంద్రమన్న మాట మీద కొంత ఆగవలెను. కేరళలో స్థానిక సంస్థలు 'పకల్ వీడు' పేరుతో, అనగా పగటి ఇల్లు అని, ఇట్టివి నడుపుతున్నవి. రాత్రి కొడుకు ఇంటిలోనే పడక. పగలు ఒకచోట చేరి పత్రిక, చాయ్, క్యారమ్స్, నాలుగు మాటలు. కాలనీలలో చెట్ల కింద చాల మంది పెద్దలు ఆ పని ఇప్పటికే చేస్తున్నారు. వారికి లేనిది కప్పు, మంచినీళ్ళు, మరుగుదొడ్డి.

ఇక్కడ మన వారిలో వినబడే ఒక అభ్యంతరమును దాటవేయుట ఉచితము కాదు. "మా ఇళ్ళలో ముసలివాండ్లను ఆశ్రమంల పెట్టం" అని మా బంధువులే మాతో అన్నారు. ఇతర మతముల మిత్రులును, అక్షరము పొల్లుపోకుండ, ఇదే మాట తమ వారిని గురించి చెబుతారు. ఆ గౌరవభావము మంచిదే. కాని పిల్లలు లేని వితంతువు ఉన్నది. ఉత్తరాది నుండి ఒంటరిగా వచ్చి, పెండ్లి లేక, గనిలోనే వయస్సు గడిపిన మనిషి ఉన్నాడు. జెద్దాలో ఉన్న కొడుకు డబ్బు పంపగలడు గాని మంచినీళ్ళు అందించలేడు. ఆ వృద్ధురాలు ఉర్దూ పత్రిక అడిగినప్పుడే మాకు తెలిసినది, మన ఇళ్ళ వారు అక్కడ లేరన్న మాట నిజము కాదని. ఆమె ఏ కాలనీలో ఉండేదో చెప్పినది. ఆ కాలనీ వారు మన కాలేజీలో ఇప్పటికిని చదువుతున్నారు. మనము మాట్లాడకపోవుట వలన ఆమె అక్కడ ఉండుట ఆగలేదు. ఆమెకు పత్రిక రావటము మాత్రమే ఆగినది.

మా విద్యార్థులు ఊరుకొనలేదు. ఆశ్రమ నిర్వాహకులతో కూర్చుండి, వారి పేరిట ఒక అర్జీ సిద్ధము చేసినారు. మొదటి ప్రతిలో 'వృద్ధుల వినోదార్థము' అని రాసి ఒక పెద్ద మొత్తము వేసినారు. మేము కొట్టివేయించినాము. పెద్ద మొత్తము, పెద్ద మాట చూస్తే కాగితము ముందుకు పోదు. రెండవ ప్రతిలో ఒక్కొక్క వస్తువు, దాని ధర, అది మాదిరి నియమములలోని ఏ అంశమునకు, ఖనిజ నిధిలోని ఏ రంగమునకు చెందునో ఎదురుగా రాసినారు. రెండు దినపత్రికలు, ఒకటి తెలుగు, ఒకటి ఉర్దూ. గేటు వద్ద వీపు ఆనించుకొనే బల్లలు రెండు. వినికిడి యంత్రముల బ్యాటరీలు, సంవత్సరమునకు సరిపడా. ప్రతి మంచము వద్ద తాళముతో చిన్న అల్మరా. చాయ్ ఎప్పుడైనా పోసుకొనుటకు రెండు పెద్ద ఫ్లాస్కులు. ఈ చివరిది ఏ అంశము క్రిందికి వస్తుందని చాలసేపు వాదించుకొని, 'పౌష్టికాహారము' క్రింద చేర్చినారు. పాలు ఉన్నవి కదా అని వారి వాదన. మేము ఒప్పుకొన్నాము. అర్జీ జిల్లా కార్యాలయములో అందినట్లు రశీదు ఉన్నది. ఈ వ్యాసము అచ్చుకు పోయే నాటికి ఇంకను సమాధానము రాలేదు.

కమిటీ వారు ప్రతి సంవత్సరము సేవా కార్యక్రమములో దుప్పట్ల కొరకు కొంత సొమ్ము కేటాయిస్తున్నారు. ఈ యేడు ఆ పద్దును దుప్పట్లని గాక, 'వృద్ధులు అడిగినవి' అని మార్చవలెనని మేము రాతపూర్వకముగా కోరినాము. మీటింగులో ఒక పెద్దమనిషి, "అడిగితే అడుగుతనే ఉంటరు కదా లెక్చరర్ సాబ్" అన్నారు. వారు అడిగిన వాటి జాబితా ఆయన చేతికి ఇచ్చినాము. ఆయన చదివి, రేకు పెట్టె తాళము దగ్గర ఆగి, "ఇది నేను కొనిస్త" అని జేబులో నుండి డబ్బు తీసినారు. పద్దు పేరు మాత్రము వచ్చే మీటింగుకు వాయిదా పడినది.

పత్రిక సంగతి విద్యార్థులే చూచుకొంటున్నారు. ఆదివారము పూట ఇద్దరు సైకిలు మీద 'సియాసత్' తీసుకొని పోయి చదివి వినిపిస్తున్నారు. అందులో ఒకడు ఉర్దూ మాధ్యమము వాడే. అయినను మొదటి వారమే ఆ వృద్ధురాలు అతనిని ప్రతి రెండవ పంక్తి దగ్గర ఆపి, ఉచ్చారణ సరిదిద్ది, మరల మొదటి నుండి చదివించిందట. ఒక పేజీ పూర్తియగుటకు గంట పట్టినది. చాయ్ గంట మోగినా ఆమె లేవలేదు. ఆ పేజీ అయిన తరువాతనే లేచినదని చెప్పినారు.